దీపాలు పెట్టాక తోడు

మా అత్త కొమురమ్మ దీపాలు పెట్టాక ఎవరికీ తోడు ఇచ్చేది కాదు. అడిగింది కన్నకూతురైనా అంతే, గల్లీ పెద్ద అయినా అంతే. పొద్దుగూకి దేవుడి అర్రలో దీపం వెలిగిందంటే మా పెరుగుకుండ మీద మూత పడ్డట్టే. ఇంటి వెనక కొట్టంలో రెండు డజన్ల బర్రెలు ఉండేవి. పాలబావి గల్లీలో సగం ఇళ్లకు మా పాలే. అయినా ఆ వేళప్పుడు చెంచాడు పెరుగు గడప దాటితే పాడి మొత్తం దాని వెంటే వెళ్లిపోతుందని ఆమె భయం.

ఒక రంజాన్ నెలలో ఎదురింటి మెహరున్నిసా ఉపవాసం విడిచి, ఖాళీ గిన్నె పట్టుకుని వచ్చింది. తెల్లవారకముందు తినే సహరీకి పెరుగు కావాలి, ఇంట్లో తోడు లేదు.

"దీపాలు పెట్టినం మెహరూ, ఇయ్య" అంది మా అత్త.

"చెంచాడు దహీకి గింత పరేషానా కొమురక్కా? మీ బర్రెలు నా గిన్నెల కూసోని వస్తయా ఏంది?"

"నువ్వెన్ని జెప్పినా ఇయ్య."

ఆ మనిషే తెల్లవారకముందు నన్ను కుదిపి లేపి, గిన్నెడు గడ్డపెరుగు చేతిలో పెట్టి ఎదురింటికి తరిమింది. తోడు ఇయ్యనంది గానీ పెరుగు ఇయ్యనన్లేదట. కొత్తకోడల్ని కాబట్టి నవ్వు బిగబట్టుకుని వెళ్లి ఇచ్చొచ్చాను. మా అత్త న్యాయం ఎప్పుడూ అలాగే ఉండేది.

ఇదంతా ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత జరిగినదానికి పేరు పెట్టింది మా పెరుగుకుండలోంచే. పెట్టింది మా ఆడబిడ్డ స్వరూప. మట్టిలో బతికే సూక్ష్మజీవుల మీద పెద్ద చదువు చదివి, నగరానికి తూర్పున ఉన్న ఒక పరిశోధనశాలలో పనిచేసేది. ఆ రోజుల్లోనే ఆరో మెట్రో లైను మా పాతబస్తీ మీదుగా వేస్తారని తేలింది. కొలతల వాళ్లు వచ్చి గోడల మీద ఎర్రరంగుతో గుర్తులు పెట్టి పోయారు. రైలు స్తంభాల మీద పోవాలంటే గల్లీలో రెండు వైపులా ఇళ్లు పడగొట్టాలి. నేల కింద పోదామంటే అడుగున అంతా పాత వాగు ఇసుక. యంత్రం తవ్వేకొద్దీ అది కూలుతుంది, పైనున్న ఇళ్లు దాంతోపాటు దిగబడతాయి.

ఎర్రగుర్తుల్లో ఒకటి మా కొట్టం గేటు మీద పడింది, ఒకటి మెహరున్నిసా వంటింటి గోడ మీద పడింది. ఆ ఆదివారం స్వరూప వచ్చి, అన్నం కూడా తినకుండా గేటు దగ్గర కూర్చుని ఆ రంగును గోటితో గీకింది. ఆమెను చదివించింది ఆ కొట్టమే. పొద్దున్నే పాలు పోసి వచ్చి, పేడచేతులు కడుక్కుని బడికి పోయిన పిల్ల.

"గోకితె పోతదా రంగు?" అంది మా అత్త, తట్టలో పేడ ఎత్తుతూ. "గింత సదువుకున్నవ్ గద, ఏమన్న జెయ్యి."

తల్లి ఏదో విసుగులో అన్న మాట. కూతురు దాన్ని మనసులో పెట్టుకుంది. తర్వాత రెండేళ్లు ఆమె ఇంటికి రావడమే తగ్గిపోయింది. ఫోన్ చేస్తే "ఇసుకతో ఉన్న వదినా" అనేది. పెళ్లి సంబంధాల మాటెత్తితే ఫోన్ పెట్టేసేది.

ఒకరోజు నేనే టిఫిన్ డబ్బా పట్టుకుని ఆమె పనిచేసే చోటికి వెళ్లాను. బల్ల మీద చేపల తొట్టి లాంటి గాజుపెట్టె ఉంది. దాని నిండా ఇసుక, మా గల్లీ అడుగునుంచి తీసిందే. పక్కన సీసాలో పల్చటి మజ్జిగ లాంటి నీళ్లు.

"వదినా, పాలల్ల తోడేస్తె ఏమైతది?"

"పెరుగైతది. డాక్టరేటు జేసి నన్ను గిదా అడిగేది?"

"మరి ఇసుకల తోడేస్తే?" అని ఇంకో గాజుపెట్టె మీది గుడ్డ తీసింది. నిన్న పోసిందట. నా చేతికి సుత్తి ఇచ్చి కొట్టమంది. మెల్లగా కొట్టాను. గట్టిగా కొట్టమంది. చీర కొంగు దోపుకుని కొట్టాను. సుత్తి ఎగిరి నా భుజం అదిరింది గానీ ఇసుక మీద గీత కూడా పడలేదు. అది ఇసుక కాదిప్పుడు, రాయి.

ఆ మజ్జిగ నీళ్లలో కంటికి కనిపించని ఒక జీవి ఉంటుందని, దానికి పొలాల్లో చల్లే యూరియా తిండిగా వేసి, కాస్త సున్నపునీరు కలిపి వదిలితే రాత్రికి రాత్రి ఇసుక రేణువుల మధ్య సున్నపురాయి పేరుస్తుందని చెప్పింది. సొరంగం యంత్రానికి ముందు నేలలోకి దీన్ని ఎక్కించి, తెల్లారి ఆ రాతిలోంచి తవ్వుకుంటూ పోవచ్చు. ఇలాంటి జీవులు లోకంలో ముందే ఉన్నాయిగానీ అవి నెలల తరబడి మెల్లగా కట్టేవట. ఒక్క రాత్రిలో తోడుకునేలా దాన్ని పెంచడం ఈమె పని.

"మరి ఆగకుంటె? మా ఇంట్ల మేం గూడ రాయి అయిపోతమా?" అన్నాను.

"మేం ఏసే తిండి తింటది. తిండి ఒడవంగనే నిద్రపోతది. దానికి వేరే దిక్కులేదు వదినా." అని సీసాను రెండు చేతులతో పట్టుకుని, తల్లి కుండను పట్టుకున్నట్టే పట్టుకుని, "దీని పేరు తోడు" అంది.

నాకు ఆ క్షణాన ఆమె ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. డబ్బాలోని జొన్నరొట్టె విరిచి నేనే నోట్లో పెట్టాను.

*

తవ్వకం మొదలుపెట్టే ముందు గల్లీలో ఇల్లిల్లూ చూడాలన్నారు. తోడుకు కావలసిన యూరియా మనుషుల మూత్రంలోనూ ఉంటుంది. ఎక్కడైనా మోరీలు, పాయఖానా గుంతలు నేలలోకి కారుతుంటే ముందే మూయాలి. స్వరూపే ఇద్దరు సహాయకుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. మెహరున్నిసా ఇంట్లో పగిలిన పైపు ఒకటి దొరికింది, దర్జీ వాళ్లింట్లో తాతల నాటి గుంత ఒకటి దొరికింది. అన్నీ సిమెంటు చేయించారు.

చివరికి మా ఇంటికి వచ్చారు. సహాయకుడు మా అత్తను అడిగాడు, "అమ్మా, మురికిగుంత ఏమైనా ఉందా?"

"మా ఇంట్ల మురికిగుంత ఎందుకుంటది నాయినా! అంత సర్కారు మోరీలకే పోతది" అని మా అత్త నొచ్చుకున్నట్టు మాట్లాడింది. స్వరూప నవ్వి, "ఇది మా ఇల్లే, నాకు తెల్వదా" అని వాళ్లను చాయ్‌కి కూర్చోబెట్టింది.

అక్కడ ఎవరూ అబద్ధం ఆడలేదు. కొట్టం వెనక పేడగుంత ఉంది, నిజమే. బర్రెల కింద కడిగిన నీళ్లు, వాటి మూత్రం అంతా మా మామగారి తాతల కాలం నుంచి అందులోకే పోయి నేలలోకి ఇంకుతుంది. కానీ ఆ గుంతలోంచి తీసిన పేడనీళ్లతోనే మేం రోజూ వాకిట్లో అలుకు చల్లి ముగ్గు పెడతాం. పండగపూట దేవుడి అర్ర అలుకుతాం. దాన్ని మురికి అనే మాట మా ఇంట్లో ఎవరి నోటికీ రాదు. చదువుకున్న స్వరూపకూ రాలేదు. ఆమె చోట ఇంకే ఇంటి పిల్ల ఉన్నా కొట్టం వెనక్కి పోయి, ముక్కు మూసుకుని వెంటనే రాసుకునేది.

సొరంగం మా కిందినుంచి ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. గోడల మీది గుర్తులకు వాళ్లే వచ్చి సున్నం కొట్టి పోయారు. ఆ ఏడు దీపావళి మర్నాడు జరిగే దున్నల పండగ సదర్‌లో మా దున్నపోతు బాద్షాకు పూలదండ వేయాల్సిన చోట మా ఆయన నర్సింగు తన చెల్లెలికి దండ వేయించాడు. డప్పుల మధ్య స్వరూప సిగ్గుతో చితికిపోయింది. బాద్షా వెనక కాళ్ల మీద లేచినప్పుడు గల్లీ మొత్తం ఈల వేసింది. మా అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "నా బిడ్డ నా కొట్టం నిలవెట్టింది" అని కనబడిన ప్రతివాళ్లకూ చెప్పుకుంది.

*

మొదట బర్రెలకు తెలిసింది. కొట్టంలో మట్టినేల గట్టిపడింది, కడిగిన నీళ్లు ఇంకడం మానేసి కాళ్ల కింద నిలవసాగాయి. చుక్క అనే మా మంచి పాడిబర్రె జారి పడి ముందుకాలు విరగ్గొట్టుకుంది. పశువుల డాక్టరు వచ్చి లాభం లేదన్నాడు. నర్సింగు ఇసుక తెచ్చి పరిచాడు. వారం తిరగకుండా ఆ ఇసుకా గట్టిపడింది. అప్పుడు కూడా మాకు అనుమానం రాలేదు, చూడండి. ఎండలనుకున్నాం.

తర్వాత బావి. మా బావి నీళ్లు చవ్వనీళ్లు. వాటితో పప్పు ఉడకదు, గిన్నెలకు తెల్లగా పెంకు కడుతుంది, కానీ బర్రెలకు అవే ఇష్టం. ఒక పొద్దున మోటారు గాలి లాగింది. నర్సింగు తాడు కట్టి బొక్కెన దించాడు. నీళ్ల చప్పుడు రాలేదు. ఠంగుమని మోగింది. మళ్లీ ఎత్తి దించాడు, మళ్లీ మోగింది. మా అత్త చేతిలోని చాట పక్కన పెట్టి బావిలోకి తొంగి చూసింది. అడుగున తెల్లగా, నున్నగా, తోడుకున్న పెరుగు మీది మీగడలాగా రాయి పరుచుకుని ఉంది.

"యశోదా, స్వరూపకు ఫోన్ జెయ్యి" అంది నాతో.

స్వరూప వచ్చింది. బావిలోకి దిగి రాతి ముక్క కొట్టుకుని, కొట్టంలో ఇంకో ముక్క తీసుకుని, గుంత దగ్గరికి వచ్చి ఆగిపోయింది. నేను వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను.

"గుంత వదినా" అంది. "నేను దీన్ల ఆడుకున్న. దీన్ని మురికనుకోలే."

పరిశోధనశాలకు తీసుకుపోయి చూస్తే అనుమానం నిజమైంది. పని అయిపోయాక నిద్రపోవాల్సిన తోడు నిద్రపోయింది. కానీ మా గుంత నుంచి కిందికి కారే తిండి దాన్ని మళ్లీ లేపింది. సున్నం కోసం అది వెతుక్కునే పనిలేదు, మా బావి నీళ్లలోనే ఉంది, బావి గోడల పాత గచ్చులోనూ ఉంది. తిండి ఎటునుంచి వస్తోందో అటువైపే పెరుగుతూ పైకి వచ్చింది. కొట్టం కింద కట్టింది, బావిలో కట్టింది, ఇప్పుడు పక్క ఇళ్ల పునాదుల కింద పక్కలకు పాకుతోంది. సొరంగానికి ఏ ముప్పూ లేదు. ముప్పంతా పైనున్న ఇళ్లకే.

ఆ సాయంత్రం స్వరూప తల్లి ముందు కింద కూర్చుంది.

"అమ్మా, ఆపొచ్చు. దానికి విరుగుడున్నది. గని దాన్ని బావిల నుంచే పొయ్యాలె. పోసినంక ఆ బావి నీళ్లు మనుషులకు గాని, పశువులకు గాని పనికిరావు. ఎన్నటికీ."

"ఇంక?"

"బర్రెలు గూడ ఈడ ఉండొద్దు."

"రెండిట్ల ఒక్కటి సాలదా?"

"సాలదమ్మా. బర్రెలను తీసేసినా తాతల కాలం నుంచి నేలల ఇంకింది ఉన్నది గద, అది తినుకుంట పెరుగుతది. విరుగుడు పోసి బర్రెలను ఉంచితె మళ్ల తిండి దొరుకుతది."

మా అత్త లేచి నిలబడింది. నేనెప్పుడూ ఆమె గొంతు అంత ఎత్తులో వినలేదు. "రైలు మీదికెల్లి పోతె కొట్టం పోతదన్నరు. కిందికెల్లి పోనిస్తినని నువ్వు దండ ఏయించుకుంటివి. ఇప్పుడు నా బర్లను నువ్వే ఎల్లగొడ్తవా? గీనికా నిన్ను సదివించింది?"

ఆ రోజు నుంచి మా అత్త కూతురితో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, మాట పెట్టేది కాదు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చేది, ఇద్దరి మీదా జాలి వేసేది. మధ్యలో నలిగి నా ప్రాణం పోయేది.

*

ఆ లైను పెద్ద ఇంజనీరు చక్రపాణి గారు స్వయంగా మా ఇంటికి వచ్చారు. మంచి మనిషే. బావి చూసి, మంచం మీద కూర్చుని, నేనిచ్చిన చాయ్ చల్లారేదాకా తాగలేదు.

"డాక్టర్ స్వరూప గారూ, ఇది మీ ఇంటి విషయం. మీ పశువులకు ఊరి చివర మంచి స్థలం నేను చూపిస్తాను. బావిలో పోసేది నిశ్శబ్దంగా పోసేద్దాం. బయటపెట్టారనుకోండి, ముందున్న బస్తీలన్నిటికీ భయం పుడుతుంది. పని ఆగుతుంది. మళ్లీ స్తంభాల మాట వస్తుంది. అప్పుడు వందల ఇళ్లు పోతాయి. మీరు ఎవరి కోసం ఇదంతా చేశారో వాళ్లవే."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. అందుకే భయం వేసింది నాకు.

స్వరూప బావి వైపు చూసి, "ముందున్న బస్తీలల్ల ఏం గుంతలున్నయో నాకు తెల్వదు సార్" అంది. "పుట్టి పెరిగిన ఇంట్లనే నాకు కనవడలే. అడిగెటోళ్లు సరిగ్గ అడగాలంటె, ముందు నేను తప్పు చేసిన అని జెప్పాలె."

గల్లీ చివరి ఫంక్షన్ హాల్లో జనాన్ని పిలిచి చెప్పేసింది. మైకు ముందు నిలబడి, మా కొట్టం, మా గుంత, తన అజాగ్రత్త, అన్నీ. వినే వాళ్లలో సగం మంది ఏడాది కిందట ఆమెను భుజాల మీద ఎత్తుకున్నవాళ్లే. ఒకడు కుర్చీ తన్నాడు. ఒకావిడ, "మా ఇండ్లను రాళ్లు జేస్తివి గదనే!" అని శాపనార్థాలు పెట్టింది. స్వరూప అక్కడే నిలబడింది. చివరిదాకా నిలబడింది. మా అత్త రాలేదు. ఇంట్లో పాలు పిండుతూ కూర్చుంది.

లైను పని ఆగిపోయింది. స్వరూపను ఆ పని నుంచి తప్పించారు. ఆమె తయారు చేసిన తోడు సీసాలను ఎవరో బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. విరుగుడు మాత్రం పీపాల్లో మా వాకిట్లోకి వచ్చి వరుసగా నిలబడింది. బావి మాది. మా అత్త ఊ అంటే తప్ప పోయడానికి లేదు. ఆమె ఊ అనలేదు. పీపాల మధ్యలోంచే రోజూ అలుకు చల్లి ముగ్గు పెట్టింది.

ఆ పట్టును విడిపించింది మెహరున్నిసా వంటిల్లు. ఒక ఉదయం ఆమె "కొమురక్కా!" అని అరిచిన అరుపుకు నేనూ మా అత్తా పరిగెత్తాం. ఆమె ఇంటి తలుపు తెరుచుకోలేదు. కింద గచ్చు ఉబ్బి తలుపును పట్టేసింది. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులతో, సొంత ఇంట్లోంచి కిటికీ గుండా బయటికి దిగాల్సి వచ్చింది. నర్సింగు పట్టుకుని దించాడు. దిగాక ఆమె నవ్వబోయింది. "దొంగను జేసింది జూడు నా ఇల్లే నన్ను" అంది. తర్వాత ఏడ్చింది.

మా అత్త కిటికీలోంచి లోపలికి చూసింది. వంటింట్లో పొయ్యిగట్టు మధ్యకు పగిలింది. ఒకప్పుడు ఎర్రగుర్తు పెట్టి చెరిపేసిన గోడ, సరిగ్గా ఆ సున్నం మచ్చ దగ్గరే, పైనుంచి కిందిదాకా చీలింది. మా అత్త వెనక్కి తిరిగి మెహరున్నిసా కళ్లు తన కొంగుతో తుడిచింది.

"ఊకో మెహరూ. నీ ఇల్లు పోనియ్య."

ఇంటికి వచ్చి నాతో ఒక్కటే మాట అంది. "దాన్ని పిలువు. వచ్చి పొయ్యమను."

*

బర్రెల్లో ఎక్కువభాగం చుట్టాలు తలా ఇన్ని తోలుకుపోయారు. బాద్షాను తీసుకుపోవడానికి వచ్చినప్పుడు అది లారీ ఎక్కనని మొండికేసింది. మా అత్త గంగడోలు నిమిరి, చెవిలో ఏదో చెప్పి ఎక్కించింది. ఆరు బర్రెలు మాత్రం మాతో ఉంచుకున్నాం, ఊరి చివర కొత్త స్థలానికి.

వెళ్లే ముందురోజు మధ్యాహ్నం విరుగుడు పోశారు. మొదటి బొక్కెన మా అత్త పోసింది. అది ఇంకెవరు పోస్తానన్నా ఒప్పుకోలేదు. పోసే ముందు బావి గట్టుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టింది. అడుగున రాతి మీద ఆ నీళ్లు పడి బుసబుస పొంగిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. స్వరూప బావి అవతలి గట్టు దగ్గర నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికి ఏముంది.

ఆ సాయంత్రం మా అత్త దేవుడి అర్రలో దీపం పెట్టింది. పెట్టి, పెరుగుకుండను చంకన పెట్టుకుని బయటికి వచ్చి గడప మీద కూర్చుంది.

"యశోదా, గల్లీల అందరికి జెప్పు. గిన్నెలు తెచ్చుకోమను."

నాకు అర్థం కాలేదు. "దేనికత్తమ్మా?"

"తోడుకు. రేపటి నుంచి ఈడ పాలుండయి. పెరుగన్న ఉండనీ."

నేను దీపం వైపు చూశాను. ఆమె చూడలేదు. ఇంటింటి నుంచి వచ్చారు. గిన్నెలతో, గ్లాసులతో, ఒకావిడ టీ కప్పుతో. ఫంక్షన్ హాల్లో శాపనార్థాలు పెట్టినావిడ కూడా వచ్చి తల వంచుకుని గిన్నె చాపింది. మా అత్త అందరికీ చెంచాడు చెంచాడు వేసింది, ఎవరినీ ఒక మాట అనలేదు. మెహరున్నిసాకు రెండు చెంచాలు వేసింది.

వరుస చివర స్వరూప వచ్చి నిలబడింది, చేతిలో చిన్న స్టీలు గిన్నెతో. మా అత్త కుండలోకి చూసింది. చెయ్యి పెట్టి తుడిచింది. తర్వాత కుండను బోర్లించి చూపించింది. ఏమీ మిగల్లేదు. నిజంగా అయిపోయిందో, కావాలనే అందాకా అయిపోనిచ్చిందో నేను ఈనాటికీ అడగలేదు. స్వరూప ఖాళీ గిన్నెను పమిట కింద పెట్టుకుని వెళ్లిపోయింది.

కొత్త చోటుకు చేరాకగానీ మాకు తట్టలేదు. పంచే ఊపులో మా అత్త ఇంటికని కొంచెమైనా ఉంచుకోలేదు. ఎంత ఇచ్చినా అడుగున ఇంత మిగల్చడం ఏ ఇంట్లోనైనా చేసే పని. పుట్టి బుద్ధెరిగాక ఆమె మొదటిసారి మరిచిపోయింది. పక్కూరి నుంచి తోడు తెచ్చి వేశాను. పెరుగు తోడుకుంది. మా అత్త ఒక ముద్ద కలుపుకుని, కంచం పక్కకు జరిపింది.

"ఇది మన పెరుగు గాదు" అంది. "అయినా మంచిగనే ఉన్నది. తినుండ్రి."

ఆమె మాత్రం పెరుగు తినడం మానేసింది. మెహరున్నిసాను అడిగి తెప్పిస్తానంటే, ఇచ్చినదాన్ని తిరిగి అడుగుతారా అని కసిరింది.

*

లైను మళ్లీ మొదలైంది. ఈసారి బస్తీల్లో వాళ్లే తమ ఇళ్లలో ఏముందో చూపించారు. స్వరూప ఉద్యోగంగా కాక, పిలిచిన చోటికల్లా వెళ్లి, గుంత ఉందా అని కాకుండా, మీ ఇంట్లో నీళ్లు పోసిన చోటల్లా చూపించండి అని అడిగేదట. అలా తిరుగుతూ రెండేళ్లు గడిపింది. నెలకోసారి మా దగ్గరికి వచ్చేది. తల్లి అన్నం పెట్టేది. ఈమె తినేది. అంతే. ఆ లైను చివరి స్టేషను మా కొత్త కొట్టం నుంచి కనబడుతుంది. రైళ్లను ఖాళీగా నడిపి చూసేవారు. అటు వైపు మా అత్త మొహం కూడా తిప్పేది కాదు. "నా బాయిని తాగింది అది" అనేది.

రైలు మొదలైన రోజు సాయంత్రం ఆరు బర్రెలకూ మేత వేసి నేను వాకిట్లోకి వచ్చేసరికి ఇద్దరు మనుషులు స్టేషను వైపు నుంచి నడిచి వస్తున్నారు. ఒకరు స్వరూప. ఆమె చెయ్యి పట్టుకుని, మోకాళ్లు ఈడ్చుకుంటూ మెహరున్నిసా. ఆమె రెండో చేతిలో గుడ్డ చుట్టిన టిఫిన్ డబ్బా.

"కూసోని వచ్చిన కొమురక్కా! ఏసీల!" అని వాకిట్లోంచే కేక పెట్టింది. "ఒక్క చుక్క ఒలకలే!"

డబ్బా విప్పింది. పెరుగు. మా పెరుగు. ఆ రోజు వేసిన రెండు చెంచాలను ఈ మూడేళ్లూ ఆమె ఒక్కరోజు తప్పకుండా తోడేస్తూ వచ్చిందట. పెళ్లికి ఊరెళితే కోడలికి అప్పజెప్పి వెళ్లిందట.

మా అత్త వేలితో ఇంత తీసి నాలుక మీద వేసుకుంది. కళ్లు మూసుకుంది. తర్వాత మెహరున్నిసాను పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

వాళ్లిద్దరినీ ఆ రాత్రి వెళ్లనివ్వలేదు. పాలు కాచి, గోరువెచ్చగా చేసి, ఆమే తోడేసింది. మర్నాటికి గడ్డపెరుగు. మధ్యాహ్నం మూడేళ్ల తర్వాత మా అత్త పెరుగన్నం తిన్నది, రెండుసార్లు కలుపుకుంది. పొద్దుగూకేవేళ అతిథులు బయల్దేరారు. నేను దేవుడి దగ్గర దీపం వెలిగించి బయటికి వచ్చాను. స్వరూప చెప్పులేసుకుంటోంది.

"స్వరూపా" అని పిలిచింది మా అత్త. పేరు పెట్టి పిలవడం విని స్వరూప ఉలిక్కిపడి తిరిగింది. "గిన్నె ఏది నీది?"

ఆ పిల్ల సంచిలోంచి చిన్న స్టీలు గిన్నె తీసింది. ఆ రోజు గడప ముందు చాపిందే. ప్రతిసారీ దాన్ని సంచిలో తెస్తోందని నాకప్పుడే తెలిసింది. మా అత్త కుండ మూత తీసి, అడుగున ఇంటికి మిగిలేట్టు చూసుకుని, గిన్నెలో వేసింది.

"అమ్మా, దీపాలు పెట్టినం గద" అంది స్వరూప.

"పెడితె పెట్టినం" అంది మా అత్త. "పట్టు, రైలుకు ఆలస్యమైతది."